నాన్నకి షుగర్, అరికాల్లో ఆనెకాయ, ఇప్పుడు అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నారు. చెప్పుల్లేకుండా 41 రోజులు తిరగనివ్వచ్చా?

పేట పిల్ల:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 58. షుగర్ వచ్చి 13 ఏళ్ళు. నరసరావుపేటలో కిరాణా కొట్టు, పొద్దున ఆరింటికి షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిది దాకా దాదాపు నిలబడే ఉంటారు. కుడి అరికాల్లో బొటనవేలి కింద ఉబ్బెత్తుగా మెత్తగా ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ రూపాయి బిళ్ళంత ఆనెకాయ. రెండేళ్ళ నుంచీ ఉంది. మొదట్లో నొప్పి అని కుంటేవారు. ఇప్పుడు అసలు నొప్పే లేదంటారు. నెలకోసారి స్నానం అయ్యాక గడ్డం గీసుకునే బ్లేడుతో దాన్ని చెక్కుకుంటారు, దాని మీద మెడికల్ షాపులో ఇచ్చిన కార్న్ క్యాప్ అంటిస్తారు, తెల్లగా నాని ఊడొస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు పట్టుబట్టి కాలు చూపించుకున్నాను, మధ్యలో చింతపిక్క రంగులో ఒక మచ్చ ఉంది. ఏంటిది నాన్నా అంటే మట్టమ్మా అన్నారు. తడిగుడ్డతో రుద్దితే పోలేదు.

ఇప్పుడు అసలు సమస్య. నాన్న ఇప్పటికి 17 సార్లు శబరిమల వెళ్ళొచ్చారు. ఇది పద్దెనిమిదోసారి, కొబ్బరి మొక్క తీసుకెళ్ళి కొండ మీద నాటాలి, ఆ మొక్క అప్పుడే కొట్టు ముందు కుండీలో పెట్టేశారు కూడా. వచ్చే నెలలో మాల. 41 రోజులు చెప్పుల్లేకుండా ఊళ్ళో తిరగడం, తర్వాత కొండ ఎక్కడం. నేను వద్దంటే "పదిహేడు సార్లు కాయని స్వామి ఇప్పుడు కాయడా" అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి, రాయాలా వద్దా అనుకున్నా. సెప్టెంబరులో సంతకెళ్ళి వస్తుంటే ఎడమకాలి చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. గుమ్మంలోకి వచ్చాక అమ్మ అడిగితేగానీ ఆయనకి తెలియలేదు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఎందుకో నవ్వు రావట్లేదు.

మూడు నెలల సగటు టెస్టు 8.8 వచ్చింది. కార్న్ క్యాప్ కాకుండా వేరే మంచి మందేమైనా ఉందా? ఆపరేషన్ చేసి తీసేస్తారా? మాల సంగతి ఎలా చెప్పాలి?

అమ్మది వేరే గోల. ఆమెకి షుగర్ లేదు, కానీ పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు ఉంటుందట, పది అడుగులు వేశాక తగ్గుతుంది, మళ్ళీ కూర్చుని లేస్తే మొదలు. ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముకకి ముల్లు పెరిగిందన్నారు. దానికి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

---

గోళీసోడా:

అక్కా టెన్షన్ పడకు, ఆనెకాయకి ఇంత కథ అవసరం లేదు. మా నాయనమ్మ నల్లజీడి కాల్చి ఆ నూనె చుక్క పెట్టేది, పది రోజుల్లో వేరుతో సహా ఊడొచ్చేది. నాకూ క్రికెట్ ఆడే రోజుల్లో వస్తే కార్న్ క్యాప్ నాలుగు సార్లు మార్చా, పోయింది. ఆపరేషన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, కోస్తే ఒకటి నాలుగవుతాయి.

---

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్:

గోళీసోడా తమ్ముడూ, నీకు షుగర్ లేదు, నీ కాలికి స్పర్శ ఉంది, అందుకే నీకు పోయింది. దయచేసి ఆ నల్లజీడి సలహా వెనక్కి తీసుకో. జీడి నూనె పడితే మామూలు చర్మమే బొబ్బలెక్కి పుండవుతుంది.

పేట పిల్లా, నేను పదకొండేళ్ళుగా సర్జికల్ వార్డులో డ్రెస్సింగులు చేస్తున్నాను. నువ్వు రాసిన దాంట్లో నన్ను భయపెట్టింది ఆనెకాయ కాదు. "నొప్పే లేదు" అన్న మాట, దారిలో ఊడిపోయిన చెప్పు. ఈ రెండూ కలిస్తే నాన్నగారి కాళ్ళలో నరాలు మొద్దుబారాయని నూటికి తొంభై పాళ్ళు అనుకోవచ్చు. మొదట్లో నొప్పి ఉండి ఇప్పుడు లేదంటే ఆనె తగ్గిందని కాదమ్మా, చెప్పే నరం చెప్పడం మానేసింది.

కార్న్ క్యాప్‌లో ఉండేది సాలిసిలిక్ యాసిడ్, మామూలుగా 40 శాతం. అది చచ్చిన చర్మాన్ని నానబెట్టి ఊడదీస్తుంది, పక్కన ఉన్న మంచి చర్మాన్ని కూడా ఊడదీస్తుంది. స్పర్శ ఉన్నవాడైతే మంట పుట్టగానే పీకి పారేస్తాడు. స్పర్శ లేనివాడు అలాగే ఉంచుకుని కొట్లో పంచదార తూస్తూ నిలబడతాడు. షుగర్ ఉన్నవాళ్ళు వాడొద్దని చాలా పెట్టెల మీద సన్న అక్షరాల్లో ఉంటుంది, అమ్మేవాడూ చదవడు, కొనేవాడూ చదవడు. మా దగ్గరికి వేలు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళని "ఎలా మొదలైందండీ" అని అడిగితే వచ్చే జవాబుల్లో బ్లేడు, కార్న్ క్యాప్, వేడినీళ్ళ కాపడం, కొత్త చెప్పు ఒరుపు, ఈ నాలుగే ఎక్కువ.

ఆ మచ్చ సంగతి. గట్టిపడిన చర్మం కాలి కింద గులకరాయిలా పనిచేస్తుంది. అడుగు వేసిన ప్రతిసారీ అది లోపలి కండని నలుపుతుంది, లోపల రక్తం చిమ్మి ఎండిపోతే పైకి ముదురు మచ్చగా కనపడుతుంది. అంటే దాని కింద పుండు మొదలైందో, మొదలవబోతోందో అన్నమాట. వేరే కారణాలూ ఉంటాయి, అరికాలి పులిపిరిలో కూడా నల్ల చుక్కలుంటాయి, కానీ అవి ఆవాలు చల్లినట్టు చిన్నచిన్నవి చాలా ఉంటాయి. చాలా అరుదుగా అరికాలి మీద నల్లమచ్చ చర్మ క్యాన్సర్ కూడా కావచ్చు. అందుకే ఫోటో చూసి ఎవరూ తేల్చకూడదు. ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. వచ్చే నెల కాదు.

ఈలోపు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యి, రెండు నిమిషాల పని. నాన్నగారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమను. నీ చూపుడు వేలి కొసతో ఆయన కాలివేలి కొసని ఒక్క క్షణం, మహా అయితే రెండు క్షణాలు, ఈక తగిలినంత తేలిగ్గా తాకు. నొక్కకూడదు, గిల్లకూడదు, గీరకూడదు. కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, తర్వాత రెండు కాళ్ళ మధ్యవేళ్ళు. తాకినప్పుడల్లా ఆయన కుడి అనో ఎడమ అనో చెప్పాలి. చెప్పకపోతే మళ్ళీ తాకకూడదు, తెలియలేదని రాసుకోవడమే. ఆరింటిలో రెండు తప్పినా స్పర్శ తగ్గినట్టే లెక్క. ఆసుపత్రిలో సన్నటి నైలాన్ తీగ ఆనించి చూస్తారు, అది వంగేసరికి 10 గ్రాముల బరువు పడుతుంది, అదీ తెలియకపోతే ఆ కాలు ప్రమాదంలో ఉన్నట్టు. అంతదాకా బ్లేడు, క్యాప్ రెండూ బంద్.

---

పాత పారామెడికల్:

సిస్టరుగారు చెప్పినదానికి నేనొక పాత కథ కలుపుతాను, పనికొస్తుందనే.

నేను రిటైరయ్యి పదేళ్ళు దాటింది. ఉద్యోగం కుష్ఠు నివారణ విభాగంలో, 1984 నుంచి. సైకిలు మీద ఊరూరూ తిరిగి అరికాళ్ళు చూడటమే నా పని. ఆ రోజుల్లో జనం, కుష్ఠు వస్తే వేళ్ళు రాలిపోతాయి అనుకునేవాళ్ళు. రాలవు. ఆ క్రిమి నరాన్ని చంపుతుంది, అంతే. తర్వాత ఆ మనిషి పొయ్యి మీది గిన్నె వట్టిచేత్తో దించుతాడు, చెప్పులో దిగిన మేకు మీదే పొలం దాకా నడుస్తాడు, రాత్రి నిద్రలో ఎలుక కొరికినా లేవడు. నమ్మండి, ఎలుక కొరికిన వేళ్ళకి నేను కట్లు కట్టాను. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఈ సంగతిని పట్టుకుని, నొప్పి తెలియకపోవడమే వీళ్ళ అసలు జబ్బు అని లోకానికి చూపించాడు. మాకు ట్రైనింగులో మొదటి పాఠం అదే.

షుగర్ వాళ్ళ కాలు కూడా అదే కాలు. కారణం వేరు, కథ ఒకటే. ఇవాళ షుగర్ వాళ్ళకి రాసే ఎంసీఆర్ చెప్పులున్నాయే, మైక్రో సెల్యులార్ రబ్బరువి, అవి మన దేశంలో మొదట కుష్ఠు రోగుల కోసం కుట్టినవే. ఒకప్పుడు ఆ చెప్పులు వేసుకుంటే ఊళ్ళో జబ్బు తెలిసిపోతుందని దాచుకునేవాళ్ళు, ఇప్పుడు మాల్‌లో అమ్ముతున్నారు, కాలం!

చెప్పుల్లేకుండా నడవడం గురించి అడిగావు. అమ్మాయీ, స్పర్శ ఉన్న మనిషి వట్టికాళ్ళతో నడిస్తే కాలు దానంతటదే సర్దుకుంటుంది, రాయి తగిలితే బరువు పక్కకి వేస్తాడు, ఎండకి కాలితే అంగలు వేస్తాడు. తెలియకుండానే చేస్తాం ఇదంతా. స్పర్శ లేని మనిషి మొదటి అడుగు ఎలా వేస్తాడో వెయ్యో అడుగూ అక్కడే అలాగే వేస్తాడు. ఆనెకాయ వచ్చింది అందుకే, పుండు పడేదీ అందుకే. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగనివ్వకండి, పూజగదిలోకి వేరే మెత్తటి జత పెట్టుకోమనండి.

రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ అమ్మ చూడాలి, లేదంటే నేల మీద అద్దం పెట్టుకుని ఆయనే చూసుకోవాలి. చెప్పు వేసుకునే ముందు లోపల చేత్తో తడమాలి. నీళ్ళ వేడి ఆయన కాలితో కాదు, అమ్మ మోచేత్తో చూడాలి. కాళ్ళకి కొబ్బరి నూనె రాయండి, కానీ వేళ్ళ సందుల్లో వద్దు, అక్కడ పొడిగా ఉండాలి.

---

పేట పిల్ల:

సిస్టర్ చెప్పిన పరీక్ష చేశాం. శనివారం నేనే వెళ్ళాను. నాన్న ఏదో ఆటలా నవ్వుతూ పడుకున్నారు. మొదట కుడి బొటనవేలు తాకాను. ఏమీ అనలేదు. నేను ఆగిపోయాను. కాసేపటికి ఆయనే "మొదలుపెట్టమ్మా, ఎంతసేపు" అన్నారు.

ఆరింటిలో నాలుగు తెలియలేదు. అమ్మ పక్కనే ఉంది. తర్వాత నాన్న కూడా నవ్వలేదు. సోమవారం గుంటూరులో చూపిస్తున్నాం. మాల సంగతి ఇంకా ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

---

కార్తీక స్వామి:

స్వామి శరణం.

అమ్మా, నేను 26 సార్లు వెళ్ళొచ్చాను, మా పీఠంలో ఏటా ముప్పై నలభై మందికి మాల వేస్తాను. నాన్నగారికి నా మాటగా చెప్పండి. చెప్పుల్లేకపోవడం దీక్షలో ఒక నియమం, నిజమే. అన్నం ఒంటిపూట, చన్నీటి స్నానం, నేల మీద పడక, ఇవన్నీ నియమాలే. కానీ గుండెకి స్టెంట్ వేసిన స్వామికి నేను నేల పడక మాన్పించాను, మూర్ఛ మందులు వాడే కన్నెస్వామికి వేళకి టిఫిన్ పెట్టించాను. షుగర్ ఉండి కాళ్ళు తిమ్మిరెక్కే స్వాములు మా గుంపులో నలుగురున్నారు, నలుగురూ దీక్షలో చెప్పులు వేసుకుంటారు, పీఠం బయట విప్పి లోపల మెత్తటి చాప మీద కూర్చుంటారు. ఎవరైనా నోరు జారితే సమాధానం చెప్పేది నేను. అందరు గురుస్వాములూ ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకోని చోట వేయించుకోవడం ఎందుకు?

ఒక సంవత్సరం మా బృందంలో ఒక స్వామి మాట వినలేదు. పంబ దగ్గర కాలు కడుక్కుంటుంటే నేను చూశాను, నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. "స్వామీ, కాలు" అంటే ఆయన వంగి చూసుకుని తెల్లబోయాడు, ఎక్కడ ఏం దిగిందో తెలియదు. అక్కడి నుంచి సన్నిధానం ఐదు కిలోమీటర్ల ఎక్కుడు. డోలీలో ఎక్కించి దర్శనం చేయించాం. తిరిగి వచ్చాక ఆ కాలికి రెండు వేళ్ళు తీశారు. ఆ ఏడాది నుంచి నేను మాల వేసే ముందు షుగర్ ఉందా అని అడుగుతాను.

ఒంటిపూట భోజనం గురించి కూడా డాక్టరుని అడగండి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది, తెల్లవారుజామున చన్నీటి స్నానం చేసి కళ్ళు తిరిగి పడినవాళ్ళని చూశాను.

పద్దెనిమిదో ఏడు అనేది వచ్చే ఏడు కూడా పద్దెనిమిదో ఏడే స్వామీ. మధ్యలో ఒక ఏడు ఆగితే లెక్క తగ్గదు.

---

మార్బుల్ బాధితుడు:

అమ్మగారి మడమ నొప్పి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తా, ఎందుకంటే రెండేళ్ళు అనుభవించాను. హైస్కూల్ టీచర్ని, రోజూ ఆరు పీరియడ్లు నిలబడటం, ఇంటికొస్తే చలువరాయి నేల మీద వట్టికాళ్ళు.

మీరు రాసిన లక్షణాలు అచ్చంగా ప్లాంటార్ ఫేషియైటిస్‌వే. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది, అది మడమ దగ్గర అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకుని ఉంటుంది కాబట్టి పొద్దున మొదటి అడుగుకి లాగేస్తుంది. ఇక ఆ ఎముక ముల్లు, నన్నూ అదే భయపెట్టింది. ముల్లు గుచ్చుకుంటోందని ఆరు నెలలు ఊహించుకుంటూ కుంటాను. తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పింది, అసలు నొప్పే లేనివాళ్ళకి ఎక్స్‌రే తీసినా చాలామందికి ఆ ముల్లు కనపడుతుందట, దాన్ని తీయక్కర్లేదు, చూడక్కర్లేదు.

నాకు పనిచేసినవి. మంచం దిగకముందే, మళ్ళీ చెప్తున్నా దిగకముందే, నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్ళని చేత్తో పట్టుకుని వెనక్కి, ముంగాలి వైపు వంచాలి, అరికాలి పట్టీ తీగలా బిగిసినట్టు రెండో చేతి బొటనవేలికి తగులుతుంది. పది లెక్కపెట్టి వదలాలి, పది సార్లు, రోజుకి మూడు విడతలు. గోడకి చేతులు ఆనించి పిక్క సాగదీయడం. నీళ్ళ సీసా ఫ్రీజర్లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, సాయంత్రం అరికాలి కింద పది నిమిషాలు దొర్లించడం. ఇది అమ్మకే, నాన్నగారికి పొరపాటున కూడా వద్దు, స్పర్శ లేని కాలికి ఐసూ నిప్పే. ఇంట్లో మెత్తటి చెప్పులు. మా అమ్మ "ఇంట్లో చెప్పులేంట్రా" అని మొదట్లో నెల రోజులు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు ఆవిడే వేసుకుంటోంది. సిలికాన్ మడమ ముక్కలు కూడా వాడాను, ఫర్వాలేదు, అద్భుతమేం కాదు.

ఇంజక్షన్: స్టెరాయిడ్ ఒకటి వేయించుకున్నా, నెలన్నర స్వర్గం, తర్వాత యథాతథం. మళ్ళీ మళ్ళీ వేయిస్తే మడమ కింద ఉండే కొవ్వు దిండు కరిగిపోవచ్చని, పట్టీ తెగే ప్రమాదం కూడా ఉందని చెప్పి డాక్టరే రెండోది వద్దన్నాడు. షాక్ వేవ్ అని ఒక చికిత్స ఉంది, నెలల తరబడి తగ్గనివాళ్ళకి చేస్తారు, నాకు అంతదాకా రాలేదు. ఆపరేషన్ అయితే ఆఖరి మాట. చాలామందికి వ్యాయామాలతోనే ఏడాది లోపు తగ్గుతుంది, కానీ ఆ ఏడాది అనే మాట ఎవరూ ముందు చెప్పరు, రెండు వారాలకి తగ్గలేదని మానేస్తారు, నేనూ మానేశాను, అందుకే రెండేళ్ళు పట్టింది.

ఒకవేళ నొప్పి మడమ వెనకవైపు ఉంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా మండుతుంటే, వాపు ఉంటే, అది వేరే సంగతి, చూపించాలి. ఇంకా, కుర్రాళ్ళలో రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున నడుం బిగుసుకుపోవడం ఉంటే కీళ్ళవాతం డాక్టరుని కలవాలి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక కుర్రాడిది అదే అయింది.

---

వరిచేను:

మధ్యలో దూరుతున్నా. దీక్షలో రోజుకి రెండు సార్లు తలస్నానం, కాళ్ళు తుడుచుకోకుండా తిరగడం, దీనివల్ల వేళ్ళ సందుల్లో తెల్లగా నాని దురద పెట్టి చీలడం స్వాముల్లో చాలా చూశాను, నాట్ల సీజన్లో మా ఊళ్ళోనూ ఇదే. అది ఫంగస్. షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబ్ ఇస్తాడు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది, రెండు రోజుల్లో దురద పోతుంది, నెలకి పాదమంతా పాకుతుంది. నాకు సంవత్సరం పట్టింది వదలడానికి. వట్టి క్లోట్రిమజోల్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి, తగ్గినట్టు కనపడ్డా ఇంకో రెండు వారాలు రాయండి. షుగర్ వాళ్ళకి ఆ చీలికలోంచే చీము పడుతుంది, మా పెదనాన్నకి అలాగే కాలు వాచింది.

---

పేట పిల్ల:

అప్‌డేట్. కొంచెం ఆలస్యమైంది, క్షమించండి.

గుంటూరులో చూపించాం. డాక్టరుగారు ముందు పాదం మీదా, చీలమండ వెనకా నాడి పట్టి చూశారు, రక్తం బాగానే వెళ్తోందన్నారు, అది పెద్ద అదృష్టమట. తర్వాత చిన్న కత్తితో ఆనెకాయని పొరలు పొరలుగా చెక్కారు. మత్తు ఇవ్వలేదు. నాన్న ఫోన్లో సరుకు ఆర్డర్ చెప్తూ కూర్చున్నారు, కత్తి కాలి మీద ఆడుతుంటే. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

కింద పుండు ఉంది. శనగగింజ పట్టేంత గుంట. ఆయన పైన బ్లేడుతో నున్నగా చేసుకుంటుంటే లోపల ఇది. సన్నటి ఉక్కు కడ్డీ పెట్టి ఎముక తగులుతుందేమో చూశారు, తగల్లేదు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. చీము లేదు, ఎరుపు లేదు కాబట్టి యాంటీబయాటిక్ అవసరం లేదన్నారు. నేను మందు రాయరా అని రెండు సార్లు అడిగాను. "బరువు తీసేయడమే దీనికి మందు" అన్నారు. మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా ఒంటికి అతికినట్టు ఒక కట్టు వేశారు, ఆయన సొంతంగా విప్పుకోలేనిది, వారం వారం మార్చాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చట. విప్పుకునే రకం బూటు కూడా ఉందంట, కానీ నాన్నని ఒకసారి చూసి "మీకు విప్పుకోలేనిదే మంచిది" అన్నారు. అమ్మ ఆ మాట ఇప్పటికి పాతికమందికి చెప్పింది.

మాల సంగతి. కార్తీక స్వామి గారి పోస్టు ఫోన్లో చదివి వినిపించాను. పంబ దగ్గర నీళ్ళు ఎర్రగా పోయిన చోట ఆపమన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆయనే వాళ్ళ గురుస్వామికి ఫోన్ చేసి ఈ ఏడు రావట్లేదన్నారు. కొబ్బరి మొక్క మాత్రం కొట్టు ముందే ఉంది, పొద్దునే కుర్చీలో కూర్చుని పైపుతో నీళ్ళు పడుతున్నారు, కుండీ చిన్నదైందని పెద్దది తెప్పించారు.

అమ్మ మంచం మీద కూర్చుని వేళ్ళు వంచడం మొదలుపెట్టింది, మార్బుల్ సార్‌కి థాంక్స్, ఇంట్లో చెప్పులకి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఒక ప్రశ్న మిగిలింది. పుండు మానాక ఎంసీఆర్ చెప్పులు తప్పనిసరి అన్నారు. ఆన్‌లైన్‌లో వంద రకాలున్నాయి, అన్నీ "డయాబెటిక్" అనే అంటున్నాయి. ఏది చూసి కొనాలి?

---

గోళీసోడా:

సిస్టర్, సారీ. నల్లజీడి మాట వెనక్కి తీసుకున్నా. మా నాన్నకి కూడా ఎనిమిదేళ్ళుగా షుగర్, నిన్న ఆ వేళ్ళ పరీక్ష చేశా, ఆరుకి ఆరు చెప్పాడు.

---

పాత పారామెడికల్:

పేరు చూసి కొనకు. లోపలి అట్టని బొటనవేలితో నొక్కి చూడు, దిగాలి, వదలగానే లేవాలి. కింది అట్ట మాత్రం గట్టిగా ఉండాలి, ముల్లు దిగకూడదు. ఎక్కడా మేకు ఉండకూడదు, జిగురుతో అతికించినవే తీసుకో. వెనక పట్టీ ఉండాలి, లేకపోతే సెప్టెంబరు కథ మళ్ళీ జరుగుతుంది. బొటనవేలి సందులో దూర్చేది వద్దు, వెల్క్రో పట్టీలు ముందు రెండు, వెనక ఒకటి ఉన్నవి మేలు. కొలత సాయంత్రం ఇవ్వండి, పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. నాన్నగారిని "బిగుతుగా ఉందా" అని అడగొద్దు, ఆయనకి తెలియదు, తెల్లకాగితం మీద పాదం గీయించి చెప్పుతో సరిపోల్చుకోండి. మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. పుండు ఉన్న చోట ఒత్తిడి పడకుండా లోపలి అట్టని మలిచి ఇవ్వాలి కాబట్టి, ఆన్‌లైన్‌లో కాకుండా మీ డాక్టరుగారు చెప్పిన చోట కాలు చూపించి కుట్టించుకోవడమే నయం. అట్ట అణిగిపోతే మార్చాలి, నాన్నగారిలా రోజంతా నిలబడేవాళ్ళకి త్వరగా అణుగుతుంది.

కొట్లో గల్లాపెట్టె దగ్గర ఒక ఎత్తు కుర్చీ కూడా వేయించమ్మా.